ట్రాన్స్ అమ్మాయి అని తెలియగానే అడ్వాన్స్ వెనక్కిచ్చారు. పక్కనుండే మనం ఏం చేస్తే పనికొస్తుంది?

రేణిగుంట_రాధ
నాతో పనిచేసే అమ్మాయి ట్రాన్స్. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే లైన్, ఒకే షిఫ్ట్, కంపెనీ బస్సులో పక్కపక్క సీట్లు. ఈమధ్య కొర్లగుంటలో మేడ మీద పోర్షన్ మాట్లాడుకుంది. అడ్వాన్స్ కట్టి, పాలు పొంగించడానికి మంచిరోజు కూడా చూసుకుంది. అంతలో ఓనర్ ఫోన్ చేసి "మా అల్లుడువాళ్లు వస్తున్నారమ్మా, ఇల్లు మాకే కావాలి" అన్నాడు. డబ్బు పైసాతో సహా తిరిగిచ్చేశాడు, అందులో తప్పు పట్టను. కానీ నిన్న సాయంత్రం ఆ వీధిలో వస్తుంటే టులెట్ బోర్డు మళ్లీ గేటుకి వేలాడుతోంది. అల్లుడూ లేడు, ఏమీ లేదు. ఎవరో ఆయన చెవిన వేశారు, అంతే.

ఆమె నా ముందు ఏడవలేదు, "మామూలేలే రాధా" అంది. ఆ మామూలే అన్నమాటకే నాకు కడుపు రగిలిపోయింది. ఆమెను అడిగే ఇక్కడ రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. నాకు ఉపన్యాసాలు వద్దు. రోజూ పక్కనే ఉండే మనిషిగా నేనేం చేస్తే నిజంగా పనికొస్తుంది, ఏం చేస్తే ఆమెకు ఇంకా తలనొప్పి అవుతుంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పుత్తూరు_పిల్లోడు
ఓనర్ పేరు, డోర్ నంబరు పెట్టక్కా. బోర్డు ఫోటో తీసి ఇన్‌స్టాలో వేద్దాం. ఇట్లాంటోళ్లకు పరువు పోతేనే బుద్ధొస్తుంది.

లీలామహల్_సర్కిల్
ఓనర్ పరువు సంగతేమో కానీ ఆ అమ్మాయి విషయం కొర్లగుంటంతా తెలిసిపోతుంది తమ్ముడూ. ఆ తర్వాత ఇల్లు నువ్విస్తావా?

పుత్తూరు_పిల్లోడు
మాది హాస్టల్ రూమన్నా, ఇప్పటికే నలుగురం ఉన్నాం.

బైరాగిపట్టెడ_బాషా
తిరుపతిలో ఇల్లు దొరకడం ఎవరికైనా కష్టమే కదా. ఏ కులం, వెజ్జా నాన్‌వెజ్జా, ఫ్యామిలీనా బ్యాచిలర్సా, చుట్టాలు ఎక్కువ వస్తారా, కొండకి వచ్చే ప్రతివాడూ మీ ఇంట్లోనే దిగుతాడా... నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్లు కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు. నా పేరు వినగానే ఫోన్ పెట్టేసినవాళ్లు ఉన్నారు. కాబట్టి ఆ అమ్మాయి బాధ నాకు కొంచెమైనా అర్థమవుతుంది.

తిరుచానూరు_సంధ్య
నేను ట్రాన్స్ మహిళని. తిరుచానూరు రోడ్డులో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ ఆర్డర్లు కూడా తీసుకుంటాను. రాధగారు అడిగిన పద్ధతి నచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఆమెను అడిగి రాశారు చూడండి, అదే అన్నిటికన్నా పెద్ద పని. పుత్తూరు తమ్ముడిది మంచి మనసే, కానీ ఓనర్ మీద వీడియో తీస్తే చూసేవాళ్లు ఓనర్ని చూడరు, మమ్మల్ని చూస్తారు. రేపు ఆమె పాల ప్యాకెట్‌కి వెళ్లినా "ఆ వీడియోలో అమ్మాయి" అంటారు. గొడవ పెట్టుకోవాలా, వదిలేయాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. మీరు "నువ్వు ఊ అంటే నేను వచ్చి మాట్లాడతా, వద్దంటే వదిలేస్తా" అంటే చాలు.

రెండోది ఇల్లు. మన ఊళ్లో ఇల్లు బోర్డు చూసి దొరకదు, మాట మీద దొరుకుతుంది. "మా పిన్నికొడుకు, మంచోడు" అని ఎవరో ఒకరు అంటే తాళం చేతికొస్తుంది. మాలో చాలామందికి ఆ మాట చెప్పే చుట్టాలే లేరు, ఇంట్లోంచి పంపేశాక పిన్ని ఎవరు, మామ ఎవరు? ఇప్పుడు నేనుండే ఇల్లు ఎట్లా దొరికిందంటే, షాపు పక్కన చిల్లరకొట్టు అక్క తన వదినతో "ఈ పిల్ల నాకు తెలుసు, పొద్దున షాపు తెరిస్తే రాత్రిదాకా మిషను మీదే ఉంటుంది, అద్దెకి నాది పూచీ" అంది. అంతే. హక్కులు గిక్కులు ఏమీ మాట్లాడలేదు. ఆ అక్క పూచీ పడటం వల్ల నాకు తలుపు తెరుచుకుంది. మీరూ అదే చేయండి. మీ చుట్టాల్లో, మీవారి స్నేహితుల్లో ఎవరికి ఖాళీ ఇల్లుందో కనుక్కుని, మీ పేరు మీద మాట ఇవ్వండి.

రేణిగుంట_రాధ
సంధ్యగారూ, ఇది నాకు తట్టనే లేదు. నేను బోర్డుల ఫోటోలు తీసి ఆమెకు పంపుతూ కూర్చున్నాను.

నల్లకోటు_తిరుపతి
చట్టం సంగతి కూడా ఒక మాట. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లో ఉంది. అందులో 3వ సెక్షన్ ప్రకారం చదువు, ఉద్యోగం, వైద్యంతో పాటు ఇల్లు అద్దెకు తీసుకోవడంలో కూడా వివక్ష చూపకూడదు. అయితే ఆ సెక్షన్ తప్పితే ఇంత శిక్ష అని విడిగా రాయలేదు. 18వ సెక్షన్‌లో శిక్షలున్నాయి, ఉన్న ఇంట్లోంచో ఊళ్లోంచో వెళ్లగొట్టినా, శరీరానికో మనసుకో హాని చేసినా ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మొదట్లోనే "ఇల్లు ఖాళీ లేదు" అని అబద్ధం చెప్పేవాడిని కోర్టుకు లాగడం తేలిక కాదు. అందుకే సంధ్యగారు చెప్పిన పూచీ పద్ధతే ఇక్కడ త్వరగా పనిచేస్తుంది. చట్టం మన వెనక ఉందని తెలిసి మాట్లాడితే గొంతులో కాస్త బలం ఉంటుంది, అందుకని చెప్పాను.

గాంధీరోడ్డు_వ్యాపారి
అందరూ ఒకే పక్క మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో పక్క చెప్తా. నా షాపు ఓపెనింగ్ రోజున ట్రాన్స్ వాళ్లు ఐదారుగురు డబ్బులకి వచ్చి, నేను ఇచ్చింది చాలదని బోణీ కాకముందే నానా మాటలు అన్నారు. కస్టమర్లు వెనక్కి వెళ్లిపోయారు. ఇది నేను కల్పించి చెప్పేది కాదు. ఇల్లిస్తే రేపు గుంపంతా దిగుతుందని ఓనర్ భయపడితే ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను.

పుత్తూరు_పిల్లోడు
ఫ్యాక్టరీలో షిఫ్టు చేసుకునే అమ్మాయికీ మీ షాపు ఓపెనింగ్‌కీ ఏం సంబంధం సార్?

తిరుచానూరు_సంధ్య
ఆయన్ని మాట్లాడనివ్వు తమ్ముడూ. వ్యాపారిగారూ, మీకు జరిగింది తప్పే. బలవంతంగా డబ్బు అడిగితే, తిడితే, ఎవరి మీద ఫిర్యాదు చేస్తారో వాళ్ల మీదా అట్లాగే చేయండి, మేమేం అడ్డు రాము. కానీ ఒకరు చేసిన దానికి ఇంకొకరి ఇంటి తాళం లాక్కుంటే ఎట్లా? ఇంకో మాట. నేను కూడా కొన్నాళ్లు దుకాణాల ముందు చెయ్యి చాపాను. అంతకుముందు ఉద్యోగం అడగని షాపు లేదు ఈ ఊళ్లో. సేల్స్‌లోకి వద్దన్నారు, గోడౌన్‌లో మూటలు మోస్తానన్నా వద్దన్నారు. కుట్టుమిషను నేర్పించిన మాస్టారు ఒకాయన దొరికాడు కాబట్టి ఈ రోజు మీతో ఇట్లా మాట్లాడుతున్నాను. మీ షాపులో ఒకరికి పనిచ్చి చూడండి.

గాంధీరోడ్డు_వ్యాపారి
పని సంగతి ఆలోచిస్తానమ్మా. కస్టమర్లు ఏమంటారోనన్నదే నా టెన్షన్.

కపిలతీర్థం_కళ్యాణి
చీరల షాపులో పనిచేసే ట్రాన్స్ అక్క దగ్గరికే మా అత్తగారు పనిగట్టుకుని వెళ్తుంది సార్, బోర్డర్‌కి ఏ రంగు జాకెట్టు నప్పుతుందో ఆ అక్కలాగా ఎవరూ చెప్పరని. ఆ అక్కకి సెలవని తెలిస్తే మా అత్త ఆ రోజు చీరే కొనదు.

తాతయ్యగుంట_బిడ్డ
మనది గంగమ్మ జాతర జరిగే ఊరప్పా. మే నెల వచ్చిందంటే బైరాగి వేషం, బండ వేషం, తోటి, దొర, మాతంగి... మా నాయన చీర కట్టాడు, నేను కట్టాను, రేపు నా కొడుకు కడతాడు. అమ్మవారు వేషాలు మార్చి తిరిగి పాలెగాడిని చంపిన ఊరు. మగవాడు చీర కడితే చేతులెత్తి మొక్కే ఊళ్లో ఈ చిన్నచూపు ఉండటమే నాకు అర్థం కాదు. అసలు మనవాళ్లు మనసులో మంచోళ్లే, కాస్త చెప్తే మారతారు.

పలమనేరు_కార్తీక్
జాతర గురించి మీరు చెప్పింది నిజమే అన్నా, కానీ దాన్ని దీనికి ముడిపెట్టొద్దు. మీ మొక్కు తీరగానే చీర విప్పి ఇంటికెళ్తారు, మరుసటి రోజు ప్యాంటు వేసుకుని ఆఫీసుకెళ్తారు, ఎవరూ ఏమీ అనరు. మాకు ఆ మరుసటి రోజు నుంచే కదా కష్టం.

నేను ట్రాన్స్ మగవాడిని. ఆడపిల్లగా పెంచారు, నేను మగవాడినని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ చర్చలో ఇంతవరకు మా మాటే రాలేదు. ట్రాన్స్ అనగానే అందరికీ చీర కట్టుకున్నవాళ్లే గుర్తొస్తారు. మేము గడ్డం పెంచుకుని జనంలో కలిసిపోతాం, బయటికి కనపడం. కానీ డిగ్రీ సర్టిఫికెట్‌లో అమ్మాయి పేరు, లేడీస్ హాస్టల్లో మూడేళ్లు, ఉద్యోగానికి వెళ్తే "ఇది ఎవరి సర్టిఫికెట్?" అని అనుమానం. మా ఇంట్లో తొందర తొందరగా పెళ్లి సంబంధాలు చూశారు, చేస్తే సర్దుకుంటుందని. అప్పుడు మా చిన్నాయన ఒక్కడే "వాడికి ఇష్టం లేని పెళ్లి చేసి ఇంకో ఇంటి పిల్లాడి బతుకు కూడా పాడు చేస్తారా" అని అడ్డుపడ్డాడు. ఆయనకి ట్రాన్స్ అంటే ఏందో కూడా తెలీదు, ఇప్పటికీ సరిగ్గా తెలీదనుకుంటా. కానీ నన్ను "రేయ్ కార్తీ" అని పిలుస్తాడు, అందరి ముందూ పిలుస్తాడు.

తాతయ్యగుంట_బిడ్డ
నువ్వు చెప్పింది ఒప్పుకుంటా తమ్ముడూ. అయినా ఒకటి. జాతరలో నాతో పాటు వేషం కట్టే కుర్రాళ్లే కొందరు మామూలు రోజుల్లో బస్టాండు దగ్గర ట్రాన్స్ ఆడవాళ్లను ఏడిపిస్తుంటారు. వాళ్లకి చెప్పగలిగేది నేనే, నా మాట వింటారు. జాతర ఎత్తకుండా వాళ్లతో ఎట్లా మాట్లాడాలి?

పలమనేరు_కార్తీక్
అట్లాగైతే తప్పకుండా ఎత్తన్నా. వాళ్లకి అర్థమయ్యే మాట అదే.

అలిపిరి_మెట్లు
"కొజ్జా", "తేడా", "పాయింట్ ఫైవ్" అని నవ్వుకునే వాట్సాప్ గ్రూపుల గురించి ఎవరూ ఎత్తలేదు. మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వారానికో జోకు. నేను ఒకసారి "ఇది బాలేదురా, తీసేయ్" అని పెట్టాను. గ్రూపంతా గప్‌చుప్. తర్వాత మా బ్యాచ్‌లోనే ఒకరు విడిగా మెసేజ్ చేశారు, ఏం రాశారో ఇక్కడ చెప్పను. ఆ జోకులన్నీ ఆ ఒక్కరు ఎన్నేళ్లుగా చదువుతున్నారో అనుకుంటే నిద్ర పట్టలేదు.

బైరాగిపట్టెడ_బాషా
గ్రూపులో ఒక్కళ్లు నోరు తెరిస్తే చాలు, రెండోవాడు తనంతట తనే తెరుస్తాడు. మా ఆఫీసులో చూశాను.

నర్సు_నాగమణి
ఇరవై ఏళ్ల పైన సర్వీసు నాది. ఆసుపత్రిలో ఏం జరుగుతుందో చెప్తాను, రాధకి పనికొస్తుంది.

చాలామంది ట్రాన్స్ వాళ్లు జ్వరం వచ్చినా ఆసుపత్రికి రారు. రక్తపరీక్ష దగ్గర కుర్రాడు రిజిస్టర్ చూసి పాత పేరు హాలంతా వినపడేలా పిలుస్తాడు, చీరలో ఉన్న మనిషి లేచి నిలబడాలి, వంద కళ్లు అటు తిరుగుతాయి. దానికి భయపడి కూర్చున్నచోటే కూర్చుని, వంతు పోగొట్టుకుని వెళ్లిపోయినవాళ్లను చూశాను. కాబట్టి ఎప్పుడైనా తోడు వెళ్తే నువ్వు కౌంటర్ దగ్గరికి ముందే వెళ్లి "పేరుతో పిలవొద్దు, టోకెన్ నంబరుతో పిలవండి" అని మెల్లగా చెప్పు. దాదాపు ఎవరూ కాదనరు. ఆధార్ మారిందా లేదా అని నువ్వు అడగక్కర్లేదు, ఆమె చెప్తే విను.

ఇంకోటి. ఆపరేషన్ అయిందా అని అడగొద్దు. పంటినొప్పితో వచ్చినా అదే ప్రశ్న అడిగేవాళ్లున్నారు, చదువుకున్నవాళ్లే. ఎదురుగా ఉన్న ఇంకో మనిషిని మనం ఆ ప్రశ్న అడుగుతామా?

చంద్రగిరి_అమ్మ
నాగమణిగారూ, నా బిడ్డ విషయంలో ఒకటి అడగాలి. మా ఆడపడుచు "మంచి డాక్టరు దగ్గర మందులు ఇప్పిస్తే మామూలైపోతుంది" అని తెగ పోరుతోంది. ఎవరో ఒకాయన మాన్పిస్తానని డబ్బు కూడా చెప్పాడంట.

నర్సు_నాగమణి
వెళ్లొద్దమ్మా. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే దీన్ని మానసిక వ్యాధుల జాబితాలోంచి తీసేసింది. మార్పిస్తామని చికిత్స చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. బిడ్డ దిగులుగా ఉంటే ఆ దిగులుకి మానసిక వైద్యుణ్ణి చూపించండి, అది వేరే సంగతి. మాన్పిస్తానన్నవాడికి మాత్రం రూపాయి ఇవ్వొద్దు.

చంద్రగిరి_అమ్మ
సరేనమ్మా, చాలా ధైర్యం వచ్చింది. నా బిడ్డ గురించి ఇక్కడే చెప్పేస్తా. కొడుకుగా పుట్టింది, ఇప్పుడు నాకు కూతురు. బెంగళూరులో ఉద్యోగం. మా మరిదిగారి అమ్మాయి పెళ్లికి వస్తానంది. ఆయన ఫోన్ చేసి "వదినా, మీరిద్దరూ రండి, ఆ పిల్లని మాత్రం తీసుకురావద్దు, మగపెళ్లివాళ్ల ముందు పరువు పోతుంది" అన్నాడు. నేనూ మా ఆయనా అయితే మేమూ రామన్నాం. చివరికి మా పెద్దత్త కలగజేసుకుని అందరినీ రమ్మంది.

పెళ్లిలో ఎవరూ ఏమీ అనలేదు కానీ ఎవరూ దగ్గరికీ రాలేదు. నా బిడ్డ పట్టుచీర కట్టుకుని గోడవారగా కుర్చీలో కూర్చుంది, అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. పెద్దత్త పళ్లెం పట్టుకుని ముత్తైదువులకి, ఆడపిల్లలకి తాంబూలం ఇస్తూ వస్తోంది. వరసలో నా కూతురి దగ్గరికి వచ్చి, అందరికీ ఇచ్చినట్టే కుంకుమ పెట్టి, తమలపాకులు, అరటిపళ్లు, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి "ఆకుపచ్చది నీకు బాగుంటుందని పక్కన పెట్టానే" అనేసి ముందుకు వెళ్లిపోయింది. ఆమె వయసు ఎనభై. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

కపిలతీర్థం_కళ్యాణి
పెద్దత్తకి మా అందరి తరఫున దండం పెట్టండి పిన్నీ.

తిరుచానూరు_సంధ్య
ఆ జాకెట్టు ముక్క నా దగ్గరికి పంపండమ్మా. కుట్టుకూలి వద్దు.

చంద్రగిరి_అమ్మ
ఈసారి తను వచ్చినప్పుడు ఇద్దరం వస్తామమ్మా, కొలతలు నువ్వే తీసుకుందువు.

ఎంఆర్‌పల్లి_ఓనర్
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను ఇల్లు అద్దెకిచ్చేవాణ్ణే, రెండు పోర్షన్లున్నాయి. ఉన్నమాట చెప్తాను. ఆ అమ్మాయి మంచిదే కావచ్చు, నాకు ఆమెతో పేచీ లేదు. కింద అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్తే? వీధిలో పెద్దమనుషులు వచ్చి అడిగితే నేనేం చెప్పాలి? చాలామంది ఓనర్ల మనసులో ఉండేది ఇదే, పైకి అల్లుడు వస్తున్నాడని చెప్తారు.

లీలామహల్_సర్కిల్
నిజం ఒప్పుకున్నారు, సంతోషం. వీధివాళ్లు అడిగితే "నెలనెలా అద్దె కడుతుంది, ఉద్యోగం చేసుకుంటుంది, ఇంకేం కావాలి?" అనండి. మా వీధిలో ఓనర్ గట్టిగా ఉన్నచోట ఎవరూ రెండోసారి అడగలేదు. ఓనర్ నీళ్లు నమిలితేనే అందరికీ నోళ్లు లేస్తాయి.

నల్లకోటు_తిరుపతి
ఓనర్‌గారూ, అందరితో చేసుకునే పదకొండు నెలల అగ్రిమెంటే రాసుకోండి. అందరికీ ఉండే షరతులే పెట్టండి. ట్రాన్స్ అని ప్రత్యేకంగా "చుట్టాలు రాకూడదు, రాత్రి తొమ్మిది తర్వాత బయటికి వెళ్లకూడదు" అని రాయించుకోవద్దు. అద్దె ఎక్కువ అడగడం కూడా ఈ మధ్య చూస్తున్నాం, వేరే గతిలేదు కదా ఇస్తుందిలే అని. అదీ వద్దు.

ఎంఆర్‌పల్లి_ఓనర్
అద్దె ఎక్కువ ఎందుకు అడుగుతానండీ. ముందే చెప్పాలా వద్దా అన్నది మాత్రం తేల్చండి. ఆ అమ్మాయి మొదటే "నేను ట్రాన్స్" అని చెప్పి ఉంటే కొర్లగుంటాయన అడ్వాన్స్ తీసుకునేవాడే కాదు, ఈ గొడవే ఉండేది కాదు కదా?

పుత్తూరు_పిల్లోడు
ఎందుకు చెప్పాలి? నాకు మూర్ఛ వస్తుందా, నేను తాగుతానా, మా ఇంట్లో ఏం గొడవలున్నాయి, ఇవన్నీ నేను చెప్పే రూములో చేరానా? అద్దె కట్టే మనిషి అద్దె కట్టగలనని చూపిస్తే చాలు.

పలమనేరు_కార్తీక్
నేను చెప్పను. చెప్పాల్సిన అవసరం నాకు లేదు, ఎవరూ పోల్చుకోలేరు కూడా. కానీ ఎప్పుడైనా తెలిసిపోతుందేమోనన్న భయంతోనే ఉంటాను. పైపు పగిలి ప్లంబర్ వచ్చినా, బీరువాలో పాత సర్టిఫికెట్లు ఎవరైనా చూస్తారేమోనని ముందు తాళం వేస్తాను.

తిరుచానూరు_సంధ్య
నేను చెప్తాను. తర్వాత తెలిసి అర్ధరాత్రి సామాను బయట పడేయించుకోవడం కన్నా, మొదటే వద్దనిపించుకోవడం నాకు నయం. కార్తీక్ తమ్ముడిది ఒక దారి, నాది ఒక దారి, ఎవరి ప్రాణానికి ఏది కుదిరితే అది. ఇందులో పక్కనుండేవాళ్లు చేయాల్సింది ఒక్కటే, మా తరఫున మీరు చెప్పేయకూడదు. రాధగారు రేపు ఓనర్‌తో పూచీ మాట్లాడేటప్పుడు కూడా ఆ ముక్క ఎత్తాలా వద్దా అని ఆమెను అడిగి వెళ్లాలి. మంచి చేద్దామనుకునేవాళ్లే ఎక్కువగా చెప్పేస్తుంటారు, "పాపం, ఆమె ట్రాన్స్ అండీ, ఎవరూ ఇల్లివ్వడం లేదు" అని. ఆ పాపం అన్నమాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

చిత్తూరు_మామిడి
మా చిత్తూరు పక్కనే తమిళనాడు. అక్కడ 2008లోనే ట్రాన్స్‌జెండర్ల కోసం సంక్షేమ బోర్డు పెట్టారు. చిత్తిరై నెలలో అక్కడ ట్రాన్స్ ఆడవాళ్లు చేసుకునే కూవాగం జాతరకి మా వీధి అక్కలు ఏటా వెళ్తారు, మల్లెపూలు, గాజులు కొనుక్కుని. మా అమ్మ బస్సు ఎక్కించి వస్తుంది. తిరిగొచ్చాక కథలు వినడానికి మా ఇంటి అరుగు చాలదు.

బైరాగిపట్టెడ_బాషా
మన రాష్ట్రంలోనూ ఉన్నాయి కదా. ఎన్టీఆర్ భరోసాలో ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 పింఛను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి బస్సుల్లో వాళ్లకీ ఉచితం.

పాకాల_జంక్షన్
బాషా బస్సు మాట ఎత్తావు కాబట్టి చెప్తా. మొన్న పాకాల బస్సులో ఒక ట్రాన్స్ అక్క ఎక్కింది. లేడీ కండక్టర్ కార్డు చూసి మామూలుగా జీరో టికెట్ కొట్టి ఇచ్చేసింది. వెనక సీటాయన "ఇప్పుడు వీళ్లకీ ఫ్రీనా, మగాళ్లంతా చీర కట్టుకుంటే సరి" అని గట్టిగా అన్నాడు. కొందరు నవ్వారు. నా ముందు సీట్లో ఒకావిడ, ఒళ్లో కూరగాయల సంచీ, ఆ సంచీ కాళ్ల దగ్గర పెట్టి "రా అక్కా, ఇక్కడ కూర్చో, ఎందాకా?" అంది. ఇద్దరూ ఊరు వచ్చేదాకా టమోటా రేటు గురించి మాట్లాడుకున్నారు. వెనకాయన నోరు మూసుకున్నాడు.

గాంధీరోడ్డు_వ్యాపారి
ఆయనతో కూడా ఎవరైనా గట్టిగా రెండు మాటలు అనుంటే బాగుండేది.

పాకాల_జంక్షన్
ఆ అక్క దిగాక నేను అన్నాను అన్నా. ఆమె ఉండగా అంటే బస్సంతా పంచాయితీ అయి ఆమే మధ్యలో నిలబడాల్సి వస్తుందని ఆగాను.

అలిపిరి_మెట్లు
ఉద్యోగంలో తీసేస్తే ఏం చేయొచ్చో నల్లకోటుగారు చెప్తారా? మా కజిన్‌కి అవసరం.

నల్లకోటు_తిరుపతి
2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో, గుజరాత్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ట్రాన్స్ టీచరు కేసు. పరిహారం ఇప్పించడమే కాక, సమాన అవకాశాల విధానం మీద ఒక కమిటీ కూడా వేసింది. 2019 చట్టం ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఒకరుండాలి. మీ కజిన్ ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోమనండి. నోటిమాటగా తీసేస్తే "కారణం మెయిల్లో పంపండి" అని అడగమనండి.

మన హైకోర్టు కూడా 2025 జూన్‌లో మంచి మాట చెప్పింది. పెళ్లి చేసుకున్న ట్రాన్స్ మహిళ భర్త వేధింపుల మీద 498ఎ కింద కేసు పెట్టొచ్చు, పిల్లలు కనలేదని ఆమె స్త్రీ కాదనడం రాజ్యాంగానికి విరుద్ధం అని జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప తీర్పు. ఆ కేసులో ఆధారాలు చాలవని కొట్టేశారు, కానీ ఆ సూత్రం నిలిచింది. వీటన్నిటికీ మూలం ట్రాన్స్ వాళ్ల గుర్తింపును, హక్కులను ఒప్పుకుంటూ 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు.

పలమనేరు_కార్తీక్
గుర్తింపు సర్టిఫికెట్‌కి నేను 2023లో కేంద్రం పోర్టల్లో అప్లై చేశాను. కలెక్టరు పేరు మీద వస్తుంది. అప్పట్లో అఫిడవిట్ పెట్టమన్నారు, నాకు వైద్యపరీక్ష ఏమీ అడగలేదు. ఆ రోజు నాతో నోటరీ దగ్గరికి వచ్చిన ఫ్రెండ్ చేసిన సాయం చెప్పనా? నోటరీ ఆఫీసు గుమస్తా నన్ను ఎగాదిగా చూసి ఏదేదో అడగబోతే, వాడు మధ్యలో "సార్, స్టాంప్ పేపర్ ఎంత?" అన్నాడు. మళ్లీ ఏదో అడగబోతే మళ్లీ "రసీదు ఇస్తారా సార్?" అట్లా ఊపిరి తీసుకోనివ్వలేదు పాపం గుమస్తాని.

పుత్తూరు_పిల్లోడు
ఆ ఫ్రెండ్‌ని నాకు పరిచయం చెయ్ అన్నా, మా కాలేజీ ఆఫీసుకి తీసుకెళ్తా.

రేణిగుంట_రాధ
ఇవన్నీ ఆమెకు చదివి వినిపించాను, పెళ్లి సంగతి దగ్గర ఇద్దరికీ గొంతు పూడుకుపోయింది. ముందే చెప్పాలా అన్నదానికి ఆమె జవాబు: "చెప్పు, కానీ నేను పక్కనుండగా చెప్పు, నా వెనక చెప్పొద్దు." అట్లాగే చేస్తాను.

ఎంఆర్‌పల్లి ఓనర్‌గారూ, మీరు అన్ని ప్రశ్నలు అడిగారంటే మీ దగ్గర ఇల్లు ఖాళీగా ఉందని నా అనుమానం.

ఎంఆర్‌పల్లి_ఓనర్
ఉందమ్మా. కింద అద్దెకున్నవాళ్లతో మా ఆవిడ మాట్లాడింది. వాళ్లావిడ "నీళ్ల మోటారు టైముకి ఆపేస్తుందా?" అని మాత్రం అడిగిందంట. ఆదివారం ఇద్దరూ వచ్చి చూసుకోండి. నచ్చితే అగ్రిమెంటు అందరికీ ఇచ్చేదే. బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్ తెప్పించుకోవాలి, అది ముందే చెప్తున్నా.

లీలామహల్_సర్కిల్
క్యాన్ వేసే కుర్రాడి నంబరు విడిగా పంపుతా రాధా. మేడ మీదికి కూడా ఎక్కిస్తాడు.

హైస్కూల్_టీచర్
ఆలస్యంగా చూశాను, ఒక సలహా కావాలి. నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. నడక, మాట సున్నితం. మగపిల్లలు "మేడమ్ వచ్చింది" అని అరుస్తారు. బాత్రూముకి ఇంటర్వెల్‌లో వెళ్లడు, క్లాసు జరిగేటప్పుడు అడిగి వెళ్తాడు, ఎందుకో నాకు అర్థమైంది. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడదామనుకుంటున్నాను.

పలమనేరు_కార్తీక్
ఇంట్లో మాత్రం మీరు చెప్పొద్దు టీచర్. మీరు ఏం అనుకుంటున్నారో అది ఇంటికి చేరితే తన్నులు తింటాడేమో, బడి మాన్పిస్తారేమో. వాడు ట్రాన్సో కాదో కూడా మీకు తెలీదు, వాడికే ఇంకా తెలిసి ఉండకపోవచ్చు. ఏదైనా సరే, ఏడిపించడం ఆగాలి కదా. అది మీ చేతిలో ఉంది. అరిచినవాళ్లతో మీరే మాట్లాడండి, వాడి ముందు కాకుండా. బాత్రూముకి ఎప్పుడు అడిగినా కారణం అడక్కుండా పంపండి. మీ దగ్గరికి వచ్చి మాట్లాడేంత చనువు ఇస్తే చాలు, మిగతాది వాడు చెప్పినప్పుడు వినొచ్చు.

తిరుచానూరు_సంధ్య
ప్రేయర్‌లో, డ్రిల్‌లో ఆడపిల్లలు ఒక వరస, మగపిల్లలు ఒక వరస నిలబెడతారా? నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. సగం ఆ వరసల వల్లే. ఎందులో నిలబడినా వెనకనుంచి గిల్లేవాళ్లు.

హైస్కూల్_టీచర్
అవును, అట్లాగే నిలబెడతాం. నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

పలమనేరు_కార్తీక్
రోల్ నంబరు వరసలో నిలబెట్టండి టీచర్. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

హైస్కూల్_టీచర్
సోమవారం నుంచి మా తరగతి రోల్ నంబరు వరసే. పీఈటీ సారు ఒప్పుకోరు, కాస్త వాదించాలి, వాదిస్తాను. సంధ్యగారూ, చదువు మళ్లీ మొదలుపెట్టాలని ఉంటే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చు. లెక్కలు, సైన్సు నేను చెప్తాను, మీ షాపు మూసే టైముకే వస్తాను.

తిరుచానూరు_సంధ్య
లెక్కలంటే భయం టీచర్. కానీ రండి.